ఏటి చెప్పాను?

పోయిన వారం ఫోను రీఛార్జి చేయించుకోవడానికి పోర్ట్ బ్లెయిర్ అబర్దీన్ బజారుకి వెళ్ళాను. దుకాణంలో అమ్మాయికి నా నంబరు చెప్పి, ఏ ప్లాను కావాలో కూడా చెప్పాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా "ఓకే అంకుల్" అంది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి "ఏటి చెప్పాను? తిరిగి చెప్పు" అని వచ్చేసింది.

ఆ అమ్మాయి తల ఎత్తి చూసింది. ఒక వయసు దాటిన మగవాళ్ళని చూడ్డానికి ఆడపిల్లల దగ్గర ప్రత్యేకంగా ఒక చూపు ఉంటుంది. అది అయ్యాక నంబరు తిరిగి చెప్పింది. ఒక అంకె తప్పు.

దుకాణం మెట్లు దిగాక అక్కడే కాసేపు నిలబడిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు, ఆ యాస కూడా నాది కాదు. రెండూ ఒకాయనవి. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు. ఆయన బతికి ఉండగా కూడా ఆయన కోసం నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది కనుక, ఇది కొత్త సంగతేమీ కాదు.

మా క్వార్టర్సులో అందరూ ఆయన్ని టవర్ మావయ్య అనేవాళ్ళు. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం టవరులో ఉద్యోగం. విమానం నడిపేవాడు పైన, ఈయన కింద. ఎప్పుడు దిగొచ్చు, ఎప్పుడు ఆగాలి, ఎవరి వెనక ఎవరు రావాలి అన్నది రేడియోలో ఈయన చెప్పాలి, పైనున్నవాడు వినాలి. ఆ రోజుల్లో మా ద్వీపాలకి వారానికి వచ్చే విమానాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. అందుచేత ఎవరి వెనక ఎవరు రావాలన్న సమస్య ఆయన్ని పెద్దగా బాధపెట్టినట్టు లేదు. ఒక విమానం వెనక ఇంకో విమానం వచ్చే మాట నిజమే. మధ్యలో ఒక రోజో రెండు రోజులో ఉండేవి.

శ్రీకాకుళం వైపు మనిషి. ఏళ్ళ తరబడి చెవులకి హెడ్‌ఫోను పెట్టుకోవడం వల్లనేమో, మెడ కొంచెం ఎడమ పక్కకి వాలి ఉండేది. ఎదురుగా నిలబడ్డ మనిషితో కూడా చాలా దూరంలో ఉన్నవాడితో మాట్లాడినట్టే, మాటకీ మాటకీ మధ్య చోటు వదిలి మాట్లాడేవాడు. జన్మలో విమానం ఎక్కలేదు. సెలవుకి ఊరెళ్ళాలన్నా ఓడే. "ఎందుకు మావయ్యగారూ, మీ వాళ్ళే కదా?" అని అడిగితే, "మిఠాయి కొట్టోడు మిఠాయి తింటాడేటి?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. అది జవాబు కాదని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆయనతో ఉన్న బాధ ఒకటే. ఏం చెప్పినా తిరిగి చెప్పించుకునేవాడు.

టీ కొట్టులో: "భయ్యా, ఏక్ చాయ్. చీనీ కమ్. గ్లాసు ధోకే."

"హా సాబ్."

"క్యా బోలా మై?"

"ఏక్ చాయ్, చీనీ కమ్, గ్లాస్ ధోకే. అరే సాబ్, రోజ్ వహీ తో పీతే హో!"

"కరెక్ట్," అని, రోజూ తాగే ఆ టీ కోసం అప్పుడు బెంచీ మీద కూర్చునేవాడు.

మంగలి దగ్గర, బస్సు కండక్టరు దగ్గర, చేపలమ్మే మనిషి దగ్గర ఇదే వరస. ఒక్క ఇంట్లో మాత్రం వ్యవహారం తిరగబడేది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "ఉప్పు, సింతపండు, అగ్గిపెట్టి. ఏటి సెప్పాను?" అనేది. ఆయన చెప్పులేసుకుంటూ, "ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టి" అనేవాడు. "ఎల్లండి," అనేది ఆవిడ. ఆ ఇంట్లో టవరు ఎవరో తెలియడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

"ఎందుకండీ అందర్నీ ఇలా పీడిస్తారు?" అని ఒకసారి నేనే అడిగాను.

"మనోళ్ళకి ఒక జబ్బుంది నాయనా. అర్థమైనా 'ఆఁ', అవకపోయినా 'ఆఁ'. ఇక్కడికొచ్చి హిందీ సాబుల కింద పడ్డాక అది 'జీ సాబ్' అయింది. జబ్బు అదే, గుడ్డ మార్చుకుంది."

నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. నా మొత్తం ఉద్యోగం 'జీ సాబ్' మీదే నడిచింది. ప్రమోషన్లు కూడా వచ్చాయి. అందుకని ఆ చర్చ పొడిగించలేదు.

ఇప్పుడు ఎస్తేరు సంగతి చెప్పాలి. మా చిన్నాన్న కూతురు. చిన్నాన్న ఇంకో ద్వీపంలో, రంగత్ స్కూల్లో మాస్టారు. పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగేవాడు. దానికి ఉన్నది ఒకే జవాబు. వేరే జవాబు చెప్పిన పిల్లలు ఉన్నారేమో నాకు తెలియదు, ఉంటే వాళ్ళు ఇంకా బెంచీ మీద నిలబడి ఉంటారు. ఇంట్లోనూ అదే పద్ధతి. ఎస్తేరు ఆయన మాట పూర్తి కాకముందే "సరే నాన్నా" అనేది. దాన్ని చర్చిలో అందరూ బుద్ధిమంతురాలనేవాళ్ళు.

ఆ బుద్ధిమంతురాలు డిగ్రీ అయ్యాక, ద్వీపాల పిల్లలకని ఉంచిన ఒక సీటుకి ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. మెయిన్‌లాండ్‌లో విమానం నడపడం నేర్పే స్కూల్లో సీటు. వచ్చింది. చిన్నాన్న ఎందుకు ఒప్పుకున్నాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. పత్రికలో పిల్ల ఫోటో పడిందని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పడం వల్ల కావచ్చు.

ఏడాది తిరిగాక సెలవుకి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో మా ఇంట్లో దిగింది. మూడో రోజున, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల దించుకునే అంది:

"అన్నయ్యా, నాకు గాల్లో భయం లేదు. రేడియో అంటేనే భయం."

స్కూలున్న చోట చిన్న రన్‌వే ఒకటే ఉంది, టవరు లేదట. ఇప్పుడు ఒక్కత్తే బయల్దేరి, పెద్ద ఊరి ఎయిర్‌పోర్టుకి వెళ్ళి, అక్కడ దిగి, తిరిగి రావాలి. అది కాకుండా లైసెన్సు రాదు. అక్కడ గాల్లో ఒకేసారి నలుగురైదుగురు తిరుగుతుంటారు, అందరూ ఒకే రేడియోలో మాట్లాడుతుంటారు, ఆ సందులో తను దూరి మాట్లాడాలి.

"మొన్న ఇన్‌స్ట్రక్టరు పక్కన ఉండగానే వెళ్ళాం. టవరాయన ఏదో అన్నాడు. నాకు తెలీలేదు. రోజర్ అనీసాను."

"రోజర్ అంటే?"

"విన్నాను అని."

"విన్నావా?"

"వినపడింది."

ఇన్‌స్ట్రక్టరు గబుక్కున విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నాడట. కిందకి దిగాక, ఇంకోసారి తెలియనిదానికి రోజర్ అంటే ఓడెక్కి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడట. 

నేను ఇంగ్లీషు బీఏ. పిల్ల నా వైపు ఆశగా చూసింది. నా ఇంగ్లీషు ఆఫీసు ఫైళ్ళకి పనికొస్తుంది, కొంచెం దూరం పద్యాలకి కూడా పనికొస్తుంది, కిందకి దిగడానికి పనికిరాదు. దాన్ని తీసుకుని టవర్ మావయ్య ఇంటికి వెళ్ళాను.

ఆయన అంతా విన్నాడు. 'రోజర్ అనీసాను' అన్న దగ్గర మాత్రం లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. 

"చూడమ్మా. మూడే చెప్పాలి. నువ్వెవరు, ఎక్కడున్నావు, ఏటి కావాలి. నాలుగోది చెప్పకు. అటునుంచి ఏదైనా చెప్తే తిరిగి చెప్పు. తెలీకపోతే 'మళ్ళీ చెప్పండి' అను. పదిసార్లయినా అను. తిడతాడు. తిట్టనీ. తెలీకుండా మాత్రం రోజర్ అనకు. ఏటి చెప్పాను?"

"సరే మావయ్యగారూ."

ఆయన నా వైపు చూశాడు. ఎంత పని ఉందో ఇద్దరికీ అర్థమైంది.

అసలు చిక్కు వేరే ఉంది. రద్దీలో మాట్లాడ్డం నేర్పాలంటే రద్దీ కావాలి. మా ఊళ్ళో రద్దీగా ఉండేది ఒకటే చోటు, కుళాయి. నీళ్ళు రోజూ రావు, వచ్చినా ఎంతోసేపు రావు. నీళ్ళొచ్చాయన్న కబురు వినగానే క్వార్టర్సులో ఉన్న తెలుగువాళ్ళు, బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు అందరూ బిందెలతో, బకెట్లతో నలుదిక్కుల నుంచీ దిగేవాళ్ళు. టవర్ మావయ్య దాన్ని చూసి, వెతుకుతున్న వస్తువు కాలికి తగిలినవాడిలా ఆగిపోయాడు.

ఆ రోజు నుంచి కుళాయి పక్కన ఎత్తు అరుగు మీద ఆయన కుర్చీ వేసుకున్నాడు. కుళాయి రన్‌వే. బిందెలు విమానాలు. ఎవరూ ఊరికే వచ్చి బిందె పెట్టకూడదు. మూడూ చెప్పి, ఆయన నంబరు ఇచ్చాక రావాలి.

"ఏటండీ ఈ గోల! నీళ్ళు పోతన్నాయి!" అని మా పక్కింటి అప్పలనర్సమ్మ పోట్లాటకి దిగింది.

"పచ్చ బకెట్, ఎక్కడున్నావు?"

"నీ నెత్తి మీదున్నాను!"

"పచ్చ బకెట్, నెత్తి మీద. కరెక్ట్. నంబర్ టూ. ఎర్ర బిందె వెనకాల రా."

అందరికంటే ముందు దారిలోకి వచ్చింది ఒక బెంగాలీ దీదీ. ఆవిడ రెండు చేతులా రెండు బకెట్లు, నెత్తిన ఒక డబ్బా తెచ్చేది. "దాదా, హమ్ బడా జహాజ్ హై, హమ్కో పహలే దో!" అని మెట్ల మీద నుంచే కేకేసేది. పెద్ద విమానానికి దారివ్వాలని ఒప్పుకుని ఆయన ఇచ్చేవాడు. దాంతో మరుసటి సారికి క్వార్టర్సులో ఒక్కరూ ఒక్క బిందెతో రాలేదు.

ఈ యుద్ధం మధ్యలో మా ఎస్తేరు ఖాళీ బిందె చంకన పెట్టుకుని మునగచెట్టు కింద నిలబడింది. నోరు తెరిచేది, ఎవరో అరిచేవాళ్ళు, మూసేది. మళ్ళీ తెరిచేది. మొదటి రోజు అలాగే నీళ్ళు ఆగిపోయాయి. అందరూ వెళ్ళిపోయారు. పిల్ల ఖాళీ బిందెతో ఇంటికొచ్చింది. ఆ పూట మేం పక్కింటి నీళ్ళతో వంట చేసుకున్నాం. టవర్ మావయ్య అరుగు మీద నుంచి లేచి, తన ఇంటి బిందె కూడా నిండలేదని అప్పుడు చూసుకున్నాడు. ఇంట్లో ఏం జరిగిందో మాకు గోడ ఇవతలికి వినపడింది.

రెండోసారి ఎస్తేరు గొంతు వచ్చింది గానీ ఎవరికీ వినపడలేదు. మూడోసారి ఏమైందో, బెంగాలీ దీదీ ఊపిరి పీల్చుకునే సందులో, "ఇత్తడి బిందె! మునగచెట్టు దగ్గర! నీళ్ళకి!" అని ఒక్క కేక వేసింది. కుళాయి దగ్గర తలలన్నీ అటు తిరిగాయి. రంగత్ మాస్టారి కూతురికి అంత గొంతు ఉందని ఎవరూ అనుకోలేదు. 

"ఇత్తడి బిందె, నంబర్ త్రీ. దీదీ వెనకాల. దీదీ కనిపిస్తోందా?"

"నంబర్ త్రీ. దీదీ వెనకాల. దీదీ కనిపిస్తోంది."

"కనపడకుండా ఎలా ఉంటాది!" అంది అప్పలనర్సమ్మ. దీదీతో సహా అందరూ నవ్వారు. టవర్ మావయ్య మాత్రం నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి ఆకాశం వైపు చూశాడు. నిజంగానే అక్కడ ఏదో తిరుగుతున్నట్టు.

నీళ్ళు లేని రోజుల్లో ఇంటి వరండాలో ఇంగ్లీషులో చెప్పేవాడు. ఆయన టవరు, అది విమానం. సెలవు అయిపోయేసరికి ఆయన ఏం చెప్పినా అది అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. తెలియకపోతే నిర్భయంగా "మళ్ళీ చెప్పండి" అనేది. మా ఆవిడతో కూడా అనడం మొదలుపెట్టింది. అందరం సంతోషించాం.

మాలో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఆయన ఇంగ్లీషు మా రన్‌వే అంత తీరుబడిగా ఉండేది. విమానానికీ విమానానికీ మధ్య రోజులు గడిచే చోట ఎన్నేళ్ళో కూర్చుని, ఆయన మాటల మధ్య కూడా అంత ఖాళీ వచ్చేసింది. ఆ ఖాళీల్లో పిల్ల హాయిగా ఆలోచించుకునేది. కుళాయి దగ్గర అందరూ అరిచినా, అరిచింది తను వింటూ పెరిగిన భాషల్లో, తనకి తెలిసిన గొంతులతో. మేం పిల్లకి మాట్లాడ్డం నేర్పి పంపాం. వినడం ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

ఎస్తేరు వెళ్ళింది. వానలు రావడానికి కొంచెం ముందు మా ఆఫీసుకి ట్రంక్ కాల్ చేసి, మర్నాడు ఉదయమే ఒంటరిగా వెళ్తున్నానని చెప్పింది.

మర్నాడు పాస్టరుగారు టవర్ మావయ్య ఇంట్లోనే ప్రార్థన పెట్టించారు. ఆయన మంచి మనిషి. సృష్టి మొదలుకొని ప్రార్థించేవారు. ఐగుప్తు దాటి, ఎర్రసముద్రం దాటి, అరణ్యంలో ఉండగా టవర్ మావయ్య కళ్ళు తెరిచి గడియారం చూశాడు.

"పాస్టరుగారూ, పిల్ల ఈపాటికి ఎయిర్‌పోర్టు దగ్గరకి వచ్చీసింది. ఎవరు, ఎక్కడుంది, ఏటి కావాలి. ఈ మూడూ చెప్పీసి ఆమెన్ అనండి. అవతల దేవుడికి ఇంకా నలుగురు లైన్లో ఉంటారు."

పాస్టరుగారు నొచ్చుకున్నారు గానీ, అన్నారు. "ప్రభువా, మీ బిడ్డ ఎస్తేరు. గాల్లో ఉంది. క్షేమంగా దించండి. ఆమెన్." మా చర్చి చరిత్రలో అంత పొట్టి ప్రార్థన అంతకుముందు లేదు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ మిగల్లేదు. టవర్ మావయ్య వరండాలో కూర్చున్నాడు. చేతిలో మైకు లేకపోవడంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. ఒకసారి ఒళ్ళో, ఒకసారి మోకాళ్ళ మీద. మధ్యమధ్య "ఇప్పుడు పిలుస్తుంది" అనేవాడు. కాసేపటికి "ఇప్పుడు రన్‌వే కనపడాలి" అనేవాడు. అత్తయ్యగారు టీ తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

నేను ఆఫీసుకి వెళ్ళి ఫోను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం మోగింది. గరగరల అడుగునుంచి ఎస్తేరు గొంతు: "అన్నయ్యా, దిగాను." లైను తెగిపోయింది.

పరుగులాంటి నడకతో ఆయన వరండాకి వచ్చాను. "దిగిందట మావయ్యగారూ!"

"ఎక్కడ?"

"అంటే?"

"అక్కడా, తిరిగెళ్ళి స్కూల్లోనా?"

వెంటనే ఆఫీసుకి వెనక్కి వెళ్ళాను. లైను కోసం సాయంత్రం దాకా ప్రయత్నించాను. గాలివానకి ఎక్కడో లైన్లు పోయాయన్నారు. "దిగడం అయితే దిగింది," అన్నాడాయన. "అంతవరకు ఖాయం."

పది పదిహేను రోజులకి ఎస్తేరు ఓడ దిగింది. జెట్టీ నుంచి సరాసరి ఆయన ఇంటికే వెళ్ళి, గుమ్మంలో నిలబడే చెప్పింది. ఆ పెద్ద ఎయిర్‌పోర్టు దగ్గర మూడూ చెప్పింది. గొంతు వణకలేదు. అటునుంచి జవాబు రైలు పోయినట్టు వచ్చింది. మళ్ళీ చెప్పండి అంది. మళ్ళీ రైలు. తిరిగి చెప్పబోతే తప్పు అన్నాడు. మధ్యలో ఇంకెవరో, ఇంకెవరో. దూరంగా చెరువు మీద తిరుగుతూ ఆగమన్నాడు. అది అర్థమైంది, ఆగింది. తర్వాత మళ్ళీ పిలిచి ఏదో చెప్పాడు. 

"ఎవరి వెనకాలో రమ్మన్నాడు మావయ్యగారూ. ఎవరో తెలీలేదు. నాకెవరూ కనపడలేదు. రోజర్ అనీస్తే రమ్మనీవోడే. నోటి దాకా వచ్చింది." ఎస్తేరు తల అడ్డంగా ఊపింది. "అనలేదు. నాకు అర్థం కావటంలేదు, నేను వెనక్కి పోతున్నాను అని చెప్పి, స్కూలుకి పోయి దిగీసాను."

టవర్ మావయ్య తలుపు చెక్క పట్టుకుని వింటున్నాడు. ఆ టవరాయన తప్పేమీ లేదని ఆయనకి తెలుసు. రద్దీ ఉన్నచోట అలాగే మాట్లాడతారు. తనూ ఒకప్పుడు అలాగే మాట్లాడి ఉంటాడు.

"స్కూలోళ్ళేటన్నారు?"

"తప్పు కాదన్నారు. పాసు కూడా కాదన్నారు. వానలయ్యాక వస్తే ఇంకోసారి పంపుతామన్నారు. నాన్నే..."

చిన్నాన్న అప్పటికే స్కూలుకి ఫోను చేసి తీర్పు ఇచ్చేశాడు. పరీక్ష హాలు దాకా వెళ్ళి పరీక్ష రాయకుండా వచ్చిన పిల్ల. చర్చిలో మొహం ఎత్తుకోలేకపోతున్నాడు. చాలు, టీచరు ట్రైనింగులో చేరమన్నాడు.

"మీ నాన్నతో నేను మాట్లాడతాను," అన్నాడు టవర్ మావయ్య. ఎస్తేరు మొహం వెలిగింది. నాకు కూడా, సమస్య తీరిపోయినట్టే అనిపించింది.

ముగ్గురం బోటులో రంగత్ వెళ్ళాం. చిన్నాన్న ఇంట్లో భోజనాలయ్యాయి. పిన్నీ, ఎస్తేరూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"పిల్ల ఫెయిలవలేదు మాస్టారూ," అని మొదలుపెట్టాడు ఆయన. 

"దిగలేదు కదండీ?"

"దిగకపోవడమే పాసు."

"తెల్లకాగితం ఇచ్చి వచ్చినవాణ్ణి నేనైతే పాసు చెయ్యను."

"కాగితం కాదు కదండీ అది," అన్నాడు టవర్ మావయ్య. తర్వాత, నేను ఎప్పుడూ వినని సంగతి చెప్పాడు. మాటల మధ్య ఎప్పటిలాగే చోటు ఉంది.

"ఇక్కడికి రాకముందు నేను మెయిన్‌లాండ్‌లో చేశాను. ఊరేదైతే ఏటిలెండి. అక్కడా నేర్చుకునే పిల్లలుండేవోరు. ఒక కుర్రాడు. ఈ పిల్ల ఈడే. రన్‌వే మీద జీపుంది, కుక్కల్ని తోలుతున్నారు. దిగొద్దు, పైకి లేచి మళ్ళీ చుట్టి రా అన్నాను. రోజర్ అన్నాడు. అన్నోడు దిగుతూనే ఉన్నాడు. మళ్ళీ చెప్పాను. రోజర్. గొంతు ఎంత మర్యాదగా ఉందనుకున్నారు? మీ క్లాసులో ఫస్టు బెంచీ కుర్రోడిలాగ. మూడోసారి అరిచాను. దానిక్కూడా రోజర్ అన్నాడు. టవరు అద్దంలోంచి నాకు కనిపిస్తున్నాడు. మైకు నా చేతిలోనే ఉంది. జీపులోవోళ్ళు దూకీసారు. వీడు ఆఖర్న చూసుకుని పక్కకి తిప్పాడు. తిప్పకూడదు, అంత కింద."

చిన్నాన్న కొంచెం ముందుకి జరిగాడు.

"వాళ్ళమ్మ వచ్చింది. మీరు చెప్పలేదా బాబూ అనడిగింది. చెప్పానమ్మా అన్నాను. మరి వాడు విన్లేదా అంది. విన్నానన్నాడమ్మా అన్నాను. అంతకంటే నా దగ్గర ఏటీ లేదు." ఆయన ఎస్తేరు వైపు చూశాడు. "ఈ పిల్ల అనలేదు మాస్టారూ. నోటి దాకా వచ్చినా అనలేదు. నేను చూసినవాళ్ళలో ఇంత బాగా ఎగిరినోళ్ళు లేరు. పంపండి."

చిన్నాన్న చాలాసేపు నేల వైపు చూశాడు. తల ఎత్తేసరికి ఆయన మొహంలో సిగ్గు లేదు. పిల్ల ఓడిపోయి వచ్చిందన్న చిన్నతనం పూర్తిగా పోయింది. దాని చోటులోకి ఇంకోటి వచ్చి కూర్చుంది.

"మీరు చెప్పింది నేను సరిగ్గా విన్నానో లేదో చూడండి," అన్నాడు నెమ్మదిగా. "పిల్ల పైన ఉంటుంది. చెప్పేవాడు కింద ఉంటాడు. చెప్పింది తెలిస్తే బతుకుతుంది, తెలియకపోతే బతకదు. కిందున్నవాడు ఎంత మంచివాడైనా, మీలాంటివాడైనా, అద్దంలోంచి చూడ్డం తప్ప చెయ్యగలిగింది లేదు. ఇంతేనా?"

టవర్ మావయ్య నోరు తెరిచాడు. చిన్నాన్న చెప్పినదాంట్లో తప్పున్న మాట కోసం వెతుకుతున్నాడని నాకు తెలుస్తోంది. నేనూ వెతికాను. 

"అంతే," అన్నాడు.

"నా బిడ్డని పంపను."

ఇంగ్లీషు బీఏని కనుక నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. "చిన్నాన్నా, ఆ లెక్కన ఓడలూ మునుగుతాయి," అన్నాను.

"అందుకే దీనికి ఈత నేర్పాను," అన్నాడు చిన్నాన్న. వంటింటి గుమ్మంలో ఎస్తేరు లేదు.

సాయంత్రం బోటుకి అదే మమ్మల్ని జెట్టీకి సాగనంపడానికి వచ్చింది. ఏడ్చిందో లేదో తెలియనంత శుభ్రంగా మొహం కడుక్కుంది. పిన్ని ఇచ్చిన కొబ్బరికాయల సంచి మొయ్యనివ్వలేదు, తనే పట్టుకుంది. బోటు ఇంకా రాలేదు. నేను కొంచెం దూరంగా నిలబడి, రాని బోటు వైపు శ్రద్ధగా చూశాను.

"నేను రాకుండా ఉంటే బాగుండేదమ్మా," అన్నాడాయన. "సిగ్గుపడి ఊరుకున్నాడు. సిగ్గయితే ఆర్నెల్లకి పోతాది. భయం పెట్టీసాను."

"మీరు ఒక్క మాట అనుంటే పంపేవారు."

"ఏటి?"

"ఏం కాదు, భయం లేదు అని. అంతే. నాన్న ఆ మాట కోసమే చూశారు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను."

ఆయన జేబులోంచి రుమాలు తీసి, దానితో ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలీకుండా ఆ మాట అనడం నాకు రాదమ్మా."

బోటు కూత వినపడింది. జెట్టీ మీద జనం లేచి మూటలు సర్దుకుంటున్నారు. ఎస్తేరు సంచి ఆయన చేతికి అందించి, ఆయన సరిగ్గా పట్టుకునేదాకా ఆగింది.

"నాకూ రాదు మావయ్యగారూ," అంది.